కరెంటు కారుకు ముల్లు గుచ్చితే తప్పు కరెంటుదా?

నల్లగొండ జిల్లా గ్రామాల్లో కరెంటు కారు కనిపించడం ఇప్పుడు వింతేమీ కాదు. హైదరాబాదుకు అద్దె బండ్లు తిప్పే యువకులు, ఉపాధ్యాయులు, మిర్యాలగూడ రైసు మిల్లుల్లో లెక్కలు చూసే ఉద్యోగులు, కాస్త చేతిలో డబ్బు ఆడే రైతులు కూడా వీటిని కొంటున్నారు. పెట్రోలు ఖర్చు భరించలేక కొందరు, 2024 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం విద్యుత్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము మినహాయించడం చూసి మరికొందరు వీటి వైపు మొగ్గారు.

బండ్లతో పాటు ఒక మాట కూడా ఊళ్లలోకి వచ్చింది. "ఆ బండికి ఊరికే పంచర్లవుతాయి. అది పట్నం రోడ్లకే గాని మన రోడ్లకు పనికిరాదు" అన్నదే ఆ మాట. వారానికోసారి టైరు దిగిపోయి, పంచరు షాపు చుట్టూ తిరిగి విసిగిన యజమానులు కూడా చివరకు ఈ మాటే అంటున్నారు. ఇందులో కొంత నిజం ఉంది. ఎక్కువ భాగం మాత్రం ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత వంటిదే.

మేకుకు, ముల్లుకు పెట్రోలు బండి ఏదో, కరెంటు బండి ఏదో తెలియదు. కరెంటు కారు కొత్తగా తెచ్చిన చిక్కు పంచరు కాదు. పంచరైన తరువాత నడిరోడ్డు మీద దారి లేకపోవడమే అసలు చిక్కు. దాన్ని తీర్చవలసిన వారు నలుగురు: బండి నడిపేవారు, పంచరు షాపువారు, ఊరివారు, బండి తయారుచేసే కంపెనీవారు. ఏ ఒక్కరు తప్పుకున్నా మిగిలిన ముగ్గురి శ్రమ వృథా అవుతుంది.

ముల్లు పాతదే, బరువు కొత్తది

కరెంటు కారులో బ్యాటరీని సాధారణంగా కారు అడుగున, నేలకు సమాంతరంగా పరచినట్లు అమరుస్తారు. మధ్య తరహా కారులో ఆ బ్యాటరీ ఒక్కటే రెండు క్వింటాళ్లకు పైగా తూగుతుంది. కొనుగోలు కేంద్రంలో తూకం వేసే 40 కిలోల ధాన్యం బస్తాలు అయిదింటిని రాత్రింబగళ్లు బండిలో వేసుకుని తిరిగినట్లన్నమాట. ఇంజను, పెట్రోలు ట్యాంకు లేనందువల్ల కొంత బరువు తగ్గినా, మొత్తం మీద అదే సైజు పెట్రోలు కారు కంటే ఇది బరువైనదే. ఆ బరువంతా మోసేది నాలుగు టైర్లు.

దీనికి తోడు మోటారు తీరు వేరు. పెట్రోలు ఇంజను క్రమంగా బలం పుంజుకుంటుంది. కరెంటు మోటారు కాలు నొక్కగానే తన బలమంతా చక్రానికి ఇస్తుంది. కుర్రతనంతో బండిని ఎగదోసి నడిపేవారి టైర్లు అందుకే త్వరగా అరిగిపోతాయి. అరిగిన టైరుకు ముల్లు సులువుగా దిగుతుంది. కార్ల టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదని మోటారు వాహనాల నిబంధనలు చెబుతున్నాయి. గాడుల మధ్య అడుగున చిన్న రబ్బరు దిమ్మెలు ఉంటాయి. టైరు అరిగి ఆ దిమ్మెలతో సమానమైతే దాని ఆయువు తీరినట్లే. ఆ పైన ఎన్ని పంచర్లు వేయించినా ఫలితం ఉండదు.

అన్నింటికంటే ముఖ్యమైనది గాలి. గాలి తక్కువైన టైరు పక్కలు వంగిపోతాయి. గోతిలో పడినప్పుడు రోడ్డుకు, రిమ్ముకు మధ్య టైరు నలిగి తెగుతుంది. దానికి మేకూ అక్కరలేదు, ముల్లూ అక్కరలేదు. గాలి తక్కువైతే ఒకసారి ఛార్జింగుతో నడిచే దూరం కూడా తగ్గుతుంది. కాని చాలామంది షాపుకు వెళ్లి "మామూలుగా పట్టు" అంటారు. షాపు కుర్రవాడు అన్ని కార్లకూ పట్టినంతే దీనికీ పడతాడు. కరెంటు కార్లలో చాలా మోడళ్లకు అదే సైజు పెట్రోలు కారు కంటే కొన్ని పౌండ్లు ఎక్కువ గాలి కావాలి. ఎంత కావాలో డ్రైవరు తలుపు తెరిస్తే పక్క స్తంభం మీద అతికించిన కాగితంలో రాసి ఉంటుంది. ఆ అంకె చూసి పట్టించుకోవాలి. పదిహేను రోజులకోసారి, ఉదయం బండి తీయకముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడు చూసుకోవడం మంచిది.

స్టెప్నీ ఎటు పోయింది?

కరెంటు కారుకూ, గాలి టైరుకూ పాత పగ ఏదీ లేదు. 1899లో ప్రపంచంలో మొదటిసారి గంటకు 100 కిలోమీటర్ల వేగాన్ని దాటిన కారు కరెంటు కారే. బెల్జియం దేశస్థుడు జెనాట్జి ఫ్రాన్సులో నడిపిన ఆ బండి గాలి టైర్ల మీదనే పరుగెత్తింది.

ఆ కాలంలో కార్లకు అదనపు చక్రం ఉండేది కాదు. టైరు దిగితే రోడ్డు పక్కన కూర్చుని బాగుచేసుకోవలసిందే. ఈ బాధ చూసి 1904లో బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతంలో, లానెల్లి పట్టణంలో డేవిస్ సోదరులు అదనపు చక్రం తయారుచేసి అమ్మారు. వారి దుకాణం ఉన్నది స్టెప్నీ వీధి. ఆ వీధి పేరే చక్రానికి వచ్చింది. దేవరకొండ లారీ డ్రైవరు ఈనాటికీ అనే "స్టెప్నీ" అదే మాట.

నూట ఇరవై ఏళ్ల కిందట తీరిన ఆ బాధ ఇప్పుడు మళ్లీ వచ్చింది. కొన్ని కరెంటు కార్లలో స్టెప్నీ అసలు ఉండడం లేదు. 2020 జులైలో కేంద్ర ప్రభుత్వం మోటారు వాహనాల నిబంధనలను సవరించింది. ట్యూబు లేని టైర్లు, గాలి తగ్గితే హెచ్చరించే ఏర్పాటు, పంచరు సరిచేసే సామగ్రి ఉన్న కార్లకు స్టెప్నీ తప్పనిసరి కాదని ఆ సవరణ సారాంశం. బరువు, చోటు, ఖర్చు కలిసివస్తాయి గనుక కంపెనీలు దీన్ని చక్కగా వినియోగించుకున్నాయి. పెట్రోలు కార్లలోనూ కొన్ని ఈ దారి పట్టాయి.

స్టెప్నీకి బదులు ఇచ్చేది ఒక చిన్న గాలి మిషను, ఒక సీసాడు జిగురు ద్రవం. ద్రవాన్ని టైరులోకి ఎక్కించి, గాలి పట్టి, నెమ్మదిగా షాపు దాకా పోవాలి. టైరు నేలను తాకే భాగంలో మేకు చేసినంత చిన్న రంధ్రానికి ఇది పనికివస్తుంది. టైరు పక్క చిరిగితే పనికిరాదు. రిమ్ము వంగితే పనికిరాదు. సీసా ఒకసారి వాడితే అయిపోతుంది. వాడకపోయినా దాని మీద రాసిన గడువు దాటితే అక్కరకు రాదు. గడువు తేదీ చూసుకున్న యజమానులు ఎందరో చెప్పడం కష్టం.

పట్నంలో ఈ ఏర్పాటు సరిపోవచ్చు. ప్రతి వీధి మొదట్లో పంచరు షాపు ఉంటుంది. ఫోను చేస్తే మనిషి వస్తాడు. రాత్రి పదింటికి దేవరకొండ నుంచి డిండి వైపు పోయే బండి సంగతి వేరు. ఊళ్లో కారు ఒక్కొక్కసారి అంబులెన్సు కూడా అవుతుంది. పురిటి నొప్పులు వచ్చిన మనిషిని, పాము కాటు తిన్న రైతును తీసుకుపోయేది ఆ కారులోనే. గోతిలో పడి టైరు పక్క చిరిగితే ఆ జిగురు సీసా ఎవరి ప్రాణం కాపాడుతుంది? 2020 నాటి సవరణ స్టెప్నీ ఇవ్వనక్కరలేదన్నదే గాని, ఇవ్వకూడదని అనలేదు. పట్నం రోడ్డును చూసి తీసేసిన చక్రాన్ని పల్లె రోడ్డును చూసి తిరిగి ఇవ్వడం కంపెనీల ధర్మం. ఖరీదు కొనేవారే భరిస్తారనుకున్నా, కనీసం అమర్చుకునే చోటైనా బండిలో ఉంచాలి.

ఒకే చక్రమా, వేర్వేరు చక్రాలా?

పదే పదే టైరు దిగుతోందంటే ముందు తేల్చుకోవలసింది ఒక్కటి. ప్రతిసారీ దిగుతున్నది ఒకే చక్రమా, వేర్వేరు చక్రాలా? ఒక చిన్న పుస్తకంలో తేదీ, ఏ చక్రం, ఏ దారిలో, టైరులోంచి ఏం తీశారు అన్న నాలుగు ముక్కలు రాసుకుంటే మూడు నాలుగు పంచర్లకే జబ్బు బయటపడుతుంది.

ఒకే చక్రం మళ్లీ మళ్లీ దిగుతుంటే రోడ్డును తిట్టి లాభం లేదు. తుమ్మ ముల్లు కొన విరిగి టైరు లోపలే ఉండిపోయి ఉండవచ్చు. పాత పంచరు సరిగా అతకక ఉండవచ్చు. వాల్వు రబ్బరు పగిలి ఉండవచ్చు. గోతిలో పడినప్పుడు రిమ్ము అంచు వంగి, టైరుకూ రిమ్ముకూ మధ్య నుంచి గాలి కొద్దికొద్దిగా పోతూ ఉండవచ్చు. ఈ చివరిది ఎక్కువగా దొరకని దొంగ. టైరులో రంధ్రం కోసం వెతికి, కనపడక, గాలి పట్టి పంపిస్తారు. నాలుగు రోజులకు మళ్లీ దిగుతుంది. సబ్బు నీళ్లు టైరు మీదే కాక, రిమ్ము అంచు చుట్టూ, వాల్వు మొదట్లో కూడా పోసి చూస్తే బుడగలే సాక్ష్యం చెబుతాయి.

వేర్వేరు చక్రాలకు వేర్వేరు చోట్ల పంచర్లవుతుంటే మూడు కారణాలు చూసుకోవాలి. టైర్లు అరిగిపోయాయా, గాలి తక్కువ ఉందా, రోజూ పోయే దారిలో ముల్లో మేకో ఉందా. మొదటి రెండూ యజమాని చేతిలో ఉన్నవే. మూడోది ఊరి చేతిలో ఉంది.

బండి లోపల ముందు భాగంలో గుర్రపు నాడా ఆకారంలో పసుపు దీపం వెలిగితే ఏదో ఒక టైరులో గాలి తగ్గిందని అర్థం. "ఊరు చేరాక చూద్దాం" అని నడిపినవారు అయిదారు వందలతో పోయే దాన్ని కొత్త టైరు కొనే దాకా తెచ్చుకుంటున్నారు. గాలి లేని టైరు మీద అంత బరువున్న బండి కొద్ది దూరం నడిచినా టైరు పక్కలు లోపల చితికిపోతాయి. బయటికి బాగానే కనిపించినా అది మళ్లీ నమ్మదగినది కాదు.

పంచరు షాపులో తెలియవలసినవి

కరెంటు కారు వస్తే కొన్ని షాపుల్లో కుర్రవాళ్లు ముట్టుకోవడానికి జంకుతారు. "షాకు కొడితే?" అని వారి భయం. చక్రం విప్పడానికీ, షాకుకూ సంబంధం లేదు. బండి అడుగున నారింజ రంగు తొడుగుతో కనిపించే తీగల జోలికి పోకుండా ఉంటే చాలు.

భయపడవలసినది ఇంకొక చోట ఉంది. జాకీ ఎక్కడ పెట్టాలన్నదే అది. పెట్రోలు కారుకు అలవాటుగా అడుగున ఎక్కడో ఒక చోట జాకీ తోసి లేపితే, ఇక్కడ ఆ బరువంతా బ్యాటరీ పెట్టె మీద పడవచ్చు. లక్షల ఖరీదు చేసే బ్యాటరీకి సొట్ట పడితే యజమానీ, షాపువాడూ ఇద్దరూ మునుగుతారు. కారు పక్క అంచు కింద, చక్రాలకు దగ్గరగా, జాకీ పెట్టే చోట్లు నాలుగు గుర్తించి ఉంటాయి. అక్కడే పెట్టాలి. చోటు తెలియకపోతే బండితో ఇచ్చిన పుస్తకం తెరవాలి.

రెండోది, కరెంటు బండి ఆన్‌లో ఉన్నా చప్పుడు చేయదు. ఆగి ఉందనుకుని కిందికి వంగితే కదిలే ప్రమాదం ఉంది. యజమాని బండిని పూర్తిగా ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రానికి రాయి అడ్డం పెట్టిన తరువాతే జాకీ ఎత్తాలి.

మూడోది, అతుకు సంగతి. బయట నుంచి రబ్బరు తాడు దూర్చి అయిదు నిమిషాల్లో పంపించే పద్ధతి అవసరానికి మంచిదే. బరువైన బండికి అదే శాశ్వతం అనుకోకూడదు. టైరు విప్పి, లోపల ముల్లు కొనలు ఉన్నాయేమో చేత్తో కాక గుడ్డతో తడిమి చూసి, పుట్టగొడుగు ఆకారంలో ఉండే ప్యాచీ లోపలి నుంచి అతికించుకోవడం మేలు. ఖర్చు కొంత ఎక్కువే. అయినా మూడుసార్లు వేయించుకునే తాడు పంచరు కంటే ఒకసారి వేయించుకునే ప్యాచీ చవక.

ఇక ట్రాక్టరుకు తాడు కట్టి లాక్కుపోవడం ఊళ్లలో అలవాటు. కరెంటు కారుకు ఇది కూడదు. లాగుతుంటే చక్రాలతో పాటు మోటారు తిరిగి తానే కరెంటు పుట్టిస్తుంది. లోపలి యంత్రాలు చెడిపోతాయి. డి.సి.ఎం. వంటి బండి మీదికి ఎక్కించి, నాలుగు చక్రాలూ నేలను తాకకుండా తీసుకుపోవాలి.

ఈ సంగతులు పంచరు షాపువారికి ఎవరు చెప్పారు? బండ్లు అమ్మిన కంపెనీలు తమ సర్వీసు సెంటర్ల గోడలు దాటి రాలేదు. మండల కేంద్రాల్లోని షాపులవారిని ఒక పూట పిలిచి, ఒక బండి ఎత్తి చూపిస్తే అయిపోయే పని ఇది.

ఊరి బాధ్యత చిన్నదేమీ కాదు

సాగర్ ఎడమ కాలువ కింద, మిర్యాలగూడ, హాలియా ప్రాంతాల్లో నాట్ల కాలం వస్తే ట్రాక్టర్లు ఇనుప కేజ్ వీల్స్‌తోనే తారు రోడ్డెక్కుతాయి. అధికారులు హెచ్చరిస్తూనే ఉంటారు, ట్రాక్టర్లు తిరుగుతూనే ఉంటాయి. ఆ ఇనుము చీరిన చోట తారు లేచి, వానకు గొయ్యి అవుతుంది. మునుగోడు, దేవరకొండ వైపు పత్తి చేలున్న దారుల్లో పత్తి కట్టె, కంది కట్టె మోపులు జారి పడి, వాడి కొనలు రోడ్డు మీదే ఉంటాయి. కంచెకు కొట్టిన సర్కారు తుమ్మ కంప ఈడ్చుకుపోయిన దారి పొడుగునా ముళ్లే. కల్వర్టుల మీద పగలగొట్టిన మద్యం సీసాల సంగతి చెప్పనక్కరలేదు. కంకర పరిచి, తారు వేయకుండా నెలల తరబడి వదిలేసిన రోడ్లు వీటన్నింటినీ మించిన టైరు శత్రువులు.

ధాన్యం రోడ్ల మీద ఆరబోయడం రైతు సరదా కాదు. కల్లాలు చాలినన్ని లేవు. ఉపాధి హామీ కింద కల్లాలు కట్టించే పని చేపట్టినా అందరికీ అందలేదు. ధాన్యం వల్ల టైరుకు హాని లేదు. రాశి చుట్టూ అడ్డం పెట్టిన బండరాళ్లను ధాన్యం ఎత్తిన తరువాత అక్కడే వదిలేయడం వల్ల హాని ఉంది. రాత్రిపూట ఆ రాళ్లు కారు టైరునే కాదు, మోటారు సైకిలు మీద వచ్చే మనిషి తలను కూడా పగలగొడతాయి. ధాన్యం ఎత్తినవారు రాయి కూడా ఎత్తడం పెద్ద కష్టం కాదు.

"కారు ఉన్నవాడి సుఖం కోసం మేమెందుకు రోడ్డు ఊడ్వాలి?" అని ఎవరైనా అడగవచ్చు. అదే ముల్లు బడికి పోయే పిల్లవాడి సైకిలుకు గుచ్చుకుంటుంది. అదే గాజు పెంకు పాలు పోసే ఆసామి మోపెడు టైరును కోస్తుంది. కూలీలను తెచ్చే ఆటోకూ అదే గొయ్యి. కరెంటు కారు బరువైనది, స్టెప్నీ లేనిది గనుక దాని బాధ ముందుగా బయటపడిందంతే.

కొనబోయేవారు అడగవలసినవి

డబ్బు కట్టే ముందు షోరూములో మూడు ప్రశ్నలు వేయాలి. ఈ మోడలులో స్టెప్నీ ఉందా, లేకపోతే పెట్టించుకునే చోటుందా? ఈ సైజు టైరు నల్లగొండలో గాని మిర్యాలగూడలో గాని ఎప్పుడు అడిగినా దొరుకుతుందా, హైదరాబాదు నుంచి తెప్పించాలా? దారిలో ఆగితే సాయానికి వచ్చే బండి గ్రామం దాకా వస్తుందా, హైవే దాకానేనా? మూడింటికీ జవాబు కాగితం మీద తీసుకోవాలి. అద్దెకు తిప్పేవారికి ఇది మరీ అవసరం. టైరు కోసం బండి రెండు రోజులు నిలిచినా నెల కిస్తీ నిలవదు.

ఇప్పటికే కొన్నవారు గాలి చూసే చిన్న మీటరు, గాలి మిషను, గడువు ఉన్న జిగురు సీసా బండిలో ఉంచుకోవాలి. రాత్రి ప్రయాణానికి టార్చిలైటు కూడా ఉండాలి.

వానాకాలం పనులు మొదలయ్యే లోపు ప్రతి గ్రామ పంచాయతీ ఒక రోజు కేటాయించి, ఊరి దారిలో కంప, రాళ్లు, సీసా పెంకులు తీయించాలి. కేజ్ వీల్స్‌తో రోడ్డెక్కే ట్రాక్టర్లను ఆపే బాధ్యత అధికారులది. కంకర పరిచిన రోడ్లకు తారు వేయించే బాధ్యత రోడ్లు, భవనాల శాఖది, పంచాయతీరాజ్ శాఖది. స్టెప్నీ తిరిగి ఇవ్వవలసింది, పంచరు షాపులవారికి పని నేర్పవలసింది కంపెనీలు. ఈలోగా బండి యజమానులు తలుపు పక్క కాగితం మీది అంకె చూసి గాలి పట్టించుకోవడం రేపటి నుంచే మొదలుపెట్టవచ్చు. దానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.